ప్రాణవాయువు, పసికందు కన్ను: ఒక వ్యాధి చరిత్ర

కంటిపాప నల్లగా కనిపించడానికి అక్కడ నల్లరంగు ఏదో ఉండటం కారణం కాదని మీలో చాలామందికి తెలుసు. అది ఒక రంధ్రం. లోపలికి వెళ్ళిన వెలుతురులో తిరిగి మనవైపు వచ్చేది చాలా తక్కువ. పట్టపగలు వీధిలోంచి చూస్తే ఇంటి కిటికీ లోపల చీకటిగా అనిపిస్తుంది కదా, అలాగే కంటిపాప కూడా నల్లగా కనిపిస్తుంది. వృద్ధాప్యంలో శుక్లం ముదిరినప్పుడు ఆ నల్లదనం పోయి తెల్లబడుతుంది. అదే తెల్లదనం నాలుగైదు నెలల పసిబిడ్డ కంటిపాపలో కనిపిస్తే మాత్రం వైద్యులు ఉలిక్కిపడతారు. పుట్టుకతో వచ్చిన శుక్లం కావచ్చు, కంటిలో కణితి కావచ్చు, ఇంకా అనేక కారణాలు ఉండవచ్చు. మనం ఇప్పుడు చెప్పుకోబోయే కారణానికి మాత్రం 1942కు ముందు వైద్య గ్రంథాల్లో పేరే లేదు.

1941లో అమెరికాలోని బోస్టన్ నగరంలో స్టీవార్ట్ క్లిఫర్డ్ అనే పిల్లల వైద్యుడు, నెలలు నిండకుండా పుట్టిన ఒక పాపను పరీక్షిస్తూ ఆమె కళ్ళు ఎటూ నిలవకుండా కదులుతున్నాయనీ, కంటిపాపల వెనుక బూడిదరంగు పొర ఉందనీ గమనించాడు. కొద్దికాలంలోనే అటువంటి శిశువులు మరికొందరు కనిపించారు. అదే నగరంలోని కంటి వైద్యుడు థియొడోర్ టెర్రీ వారిని పరీక్షించి 1942లో మొదటి నివేదిక ప్రచురించాడు. లెన్స్ వెనుక నారలాంటి కణజాలం పెరిగి ఉంది కాబట్టి దీనికి కొంతకాలానికి 'రెట్రోలెంటల్ ఫైబ్రోప్లేసియా' అని పేరు పెట్టారు. లెన్స్ వెనుక నార పెరుగుదల అని దాని అర్థం. 1945 నాటికి టెర్రీ నూటికి పైగా కేసులు సేకరించాడు. 1946లో ఆయన మరణించేనాటికి కారణం మాత్రం తెలియలేదు. గర్భంలో ఉన్నప్పుడే కంటిలో ఏదో లోపం ఏర్పడిందని ఆయన మొదట భావించాడు.

ఆ తర్వాత ఏడెనిమిదేళ్ళలో ఈ జబ్బు ప్రపంచవ్యాప్తంగా దాదాపు 10,000 మంది శిశువుల చూపును తీసింది. అందులో ఒక విచిత్రం ఉంది. పేద దేశాల్లో ఇది లేదు. ధనిక దేశాల్లో కూడా చిన్న ఊళ్ళలో తక్కువ, మంచి పరికరాలున్న పెద్ద ఆసుపత్రుల్లో ఎక్కువ. 1950లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఆరు వారాలు ముందుగా పుట్టి, ఇదే జబ్బుతో చూపు కోల్పోయిన ఒక బాలుడు పెద్దయ్యాక స్టీవీ వండర్ అనే పేరుతో ప్రపంచ ప్రసిద్ధ గాయకుడయ్యాడు.

కథలో ముందుకు వెళ్ళే ముందు కన్ను ఎలా తయారవుతుందో కొంచెం తెలుసుకోవాలి. కంటి గుడ్డు లోపలి గోడకు అంటుకుని ఉండే పలుచని పొర రెటీనా. మన పాఠ్యపుస్తకాల్లో దీన్నే నేత్రపటలం అంటాం. వెలుతురును నాడీ సంకేతంగా మార్చేది ఇదే. గర్భస్థ శిశువుకు నాలుగో నెల వచ్చేవరకు దీనిలో రక్తనాళాలు ఉండవు. దాదాపు 16వ వారంలో, దృక్ నాడి కంటిలోకి ప్రవేశించే చోట మొదలై, అవి చెట్టు కొమ్మల్లా అంచుల వైపు పాకుతాయి. ముక్కు వైపు అంచుకు చేరేసరికి 36 వారాలు నిండుతాయి. కణత వైపు దూరం ఎక్కువ కాబట్టి అక్కడికి చేరేసరికి ఇంచుమించు 40 వారాలు, అంటే ప్రసవ సమయం వస్తుంది. 28 వారాలకే పుట్టిన బిడ్డ కంటిలో ఈ పని సగంలో ఉంటుంది. అంచుల దగ్గర రెటీనా ఉంది, దానికి రక్తం తెచ్చే నాళాలు ఇంకా రాలేదు. మిగిలిన ప్రయాణం గర్భంలోని చీకటిలో, అతి తక్కువ ప్రాణవాయువు మధ్య జరగవలసింది. అది ఇప్పుడు ఆసుపత్రి గాజుపెట్టెలో జరగాలి.

వ్యాధి పుట్టుకతో వచ్చేది కాదని 1940ల చివర్లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో ఓవెన్స్ దంపతులు నిరూపించారు. నెలతక్కువ శిశువుల కళ్ళను పుట్టిన దగ్గరనుంచి క్రమం తప్పకుండా పరీక్షిస్తూ పోతే, మొదట్లో బాగున్న కళ్ళే కొన్ని వారాల తర్వాత పాడవుతున్నాయని తేలింది. కాబట్టి దోషం గర్భంలో లేదు, పుట్టిన తర్వాత మనం చేస్తున్న దేనిలోనో ఉంది. దేనిలో? విటమిన్లు, ఇనుము, ఆవుపాలు, రక్తమార్పిడి, వెలుతురు, ఇన్ఫెక్షన్లు, హార్మోన్ల లోపం అంటూ అనుమానితుల జాబితా యాభై దాటింది. ప్రతి అనుమానానికీ ఒక చికిత్స, ప్రతి చికిత్సకూ కొందరు ఉత్సాహవంతులు.

న్యూయార్క్‌లో పనిచేసిన విలియం సిల్వర్‌మన్ అనే శిశువైద్యుడు తన స్వానుభవాన్నే దీనికి ఉదాహరణగా జీవితాంతం చెబుతూ వచ్చాడు. ఎ.సి.టి.హెచ్. అనే హార్మోన్ మందును 31 మంది శిశువులకు ఇస్తే వారిలో అత్యధికులకు చూపు దక్కింది. మరో ఆసుపత్రిలో ఈ మందు ఇవ్వని కొద్దిమంది శిశువుల్లో దాదాపు అందరికీ చూపు పోయింది. ఇంతకన్నా రుజువేం కావాలి? అయినా సిల్వర్‌మన్ బృందం ఆగి, చీటీలు తీసినట్టుగా శిశువులను రెండు వర్గాలుగా విడదీసి, ఒక వర్గానికే మందు ఇచ్చి చూసింది. చూపు పోయినవారు మందు తీసుకున్న వర్గంలోనే ఎక్కువగా తేలారు. ఇన్ఫెక్షన్లతో మరణించినవారూ వారిలోనే ఎక్కువ. అసలు సంగతి ఏమిటంటే, ఈ వ్యాధి తొలిదశలో ఉన్న శిశువుల్లో అత్యధికులకు ఏ మందూ ఇవ్వకపోయినా దానంతట అదే తగ్గిపోతుంది. ఆ తగ్గుదల ఖ్యాతి అంతా మందు ఖాతాలో పడింది. మన ఊళ్ళలో పచ్చకామెర్లకు ఇచ్చే పసరు మందుల కీర్తి వెనుక కూడా చాలావరకు ఇదే లెక్క ఉంది.

ఇక ప్రాణవాయువు సంగతికి వద్దాం. నెలలు నిండని శిశువు శ్వాస ఒక తీరుగా ఉండదు. కాసేపు ఆడుతుంది, కాసేపు ఆగుతుంది, మళ్ళీ ఆడుతుంది. చుట్టూ ఉన్న గాలిలో ఆక్సిజన్ పాలు పెంచితే ఆ శ్వాస కుదురుపడుతుందనీ, చర్మం గులాబీరంగుకు తిరుగుతుందనీ 1940ల మొదట్లో అమెరికా పరిశోధకులు చూపారు. అదే రోజుల్లో గాలి బయటికి పోకుండా మూసుకునే కొత్తరకం ఇంక్యుబేటర్లు వచ్చాయి. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం. ఈ పెట్టెల్లో 60, 70 శాతం దాకా వారాల తరబడి ఇవ్వడం పరిపాటి అయింది. చనిపోవలసిన బిడ్డలు బతికారు కూడా. మన భాషలో దాని పేరే ప్రాణవాయువు. అది ఎక్కువైతే నష్టమని ఎవరికైనా ఎలా తోస్తుంది?

ఆ ఆలోచన ఆస్ట్రేలియాలో కేట్ క్యాంప్‌బెల్ అనే శిశువైద్యురాలికి తోచింది. మెల్బోర్న్‌లో మూడు సంస్థల్లోని శిశువుల వివరాలు ఆమె పోల్చి చూసింది. ఒకచోట ఆక్సిజన్ ధారాళంగా వాడేవారు. మరోచోట ఖర్చు తల్లిదండ్రులు భరించాలి కనుక అవసరమైతేనే వాడేవారు. ధారాళంగా వాడినచోట సుమారు 19 శాతం శిశువుల్లో జబ్బు కనిపించింది, పొదుపుగా వాడినచోట 7 శాతంలోనే. ఆమె దీన్ని 1951లో ప్రచురించింది. అదే ఏడాది ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో మేరీ క్రాస్ కూడా ఇటువంటి సంగతే చెప్పింది. 1948లో బ్రిటన్‌లో జాతీయ ఆరోగ్య సేవ మొదలై ఆసుపత్రులకు ఆక్సిజన్ పరికరాలు కొనుక్కునే డబ్బు వచ్చాకే అక్కడ ఈ జబ్బు కనిపించింది. డబ్బు లేనంతకాలం ఆ శిశువుల కళ్ళు బాగానే ఉన్నాయన్నమాట. ధనిక ఆసుపత్రుల్లోనే జబ్బు ఎక్కువ ఎందుకనే చిక్కుముడి ఇక్కడ విడిపోతుంది.

అయితే ఇవి పోలికలే. ఆక్సిజన్ ఎక్కువ ఇచ్చిన శిశువులు మొదటినుంచీ ఎక్కువ జబ్బుగా ఉన్నవారేమో, అందువల్లే వారి కళ్ళు పాడయ్యాయేమో అని అడిగితే సమాధానం చెప్పలేం. దీనికి ప్రయోగమే కావాలి. వాషింగ్టన్‌లోని గాలింజర్ ఆసుపత్రిలో కంటి వైద్యంలో శిక్షణ పొందుతున్న ఆర్నల్ పాట్జ్ అనే యువకుడు ఆ ప్రయోగానికి పూనుకున్నాడు. ప్రభుత్వ నిధి కోసం పెట్టుకున్న దరఖాస్తు మొదట తిరస్కరణకు గురైంది. తక్కువ ఆక్సిజన్ ఇస్తే శిశువులు చనిపోతారన్నది అభ్యంతరం. ఆయన తన సోదరుడి దగ్గర అప్పు చేసి పని మొదలుపెట్టాడు. ఇంకో చిక్కు వచ్చిపడింది. రాత్రిపూట కొందరు నర్సులు, తక్కువ ఆక్సిజన్ వర్గంలోని బిడ్డలకు గుట్టుగా ఆక్సిజన్ తిప్పి, తెల్లవారేలోగా మళ్ళీ తగ్గించేవారు.

ఈ కథ చెప్పినప్పుడల్లా విద్యార్థులు నర్సుల మీద కోపగించుకుంటారు. నాకు మాత్రం వారిని తప్పుపట్టాలనిపించదు. ఎదుట ఒక కిలో బరువున్న బిడ్డ నీలంగా మారుతుంటే, చేతిలో ఆక్సిజన్ మీట ఉండగా ఎవరు ఊరుకుంటారు? నిజానికి ఆ నర్సుల భయం పూర్తిగా తప్పు కాదని తర్వాత తేలింది. ఆ సంగతికి వస్తాం.

1952లో పాట్జ్ ప్రకటించిన ఫలితం ఇది. ఎక్కువ ఆక్సిజన్ పొందిన 28 మందిలో 7 మందికి తీవ్రమైన వ్యాధి వచ్చింది. 40 శాతం లోపు పొందిన 37 మందిలో ఒక్కరికీ అంత తీవ్రంగా రాలేదు. ఇంచుమించు అప్పుడే లండన్‌లో నార్మన్ ఆష్టన్ దీని లోగుట్టు కనుక్కున్నాడు. పిల్లికూనలు పుట్టేనాటికి వాటి రెటీనాలో నాళాలు ఇంకా పెరుగుతూనే ఉంటాయి. కాబట్టి అవి నెలతక్కువ మానవ శిశువుకు మంచి నమూనా. ఎక్కువ ఆక్సిజన్‌లో ఉంచితే వాటి లేత నాళాలు ముడుచుకుని మూసుకుపోయాయి. మామూలు గాలిలోకి తెచ్చాక కొద్దిరోజులకు, మూసుకుపోయిన చోటి అంచునుంచి కొత్త నాళాలు అడ్డదిడ్డంగా విజృంభించాయి.

రెండు అంకాల నాటకం ఇది. మొదటి అంకంలో ఆక్సిజన్ పుష్కలంగా ఉంది కాబట్టి నాళాలు పెరగవలసిన అవసరమే లేదన్నట్టు పెరుగుదల ఆగిపోతుంది. రెండో అంకంలో రెటీనా పని పెరిగి, నాళాలు లేని అంచు ప్రాంతం ఊపిరాడక కేకలు పెడుతుంది. ఆ కేకకు బదులుగా పుట్టే కొత్త నాళాలు రెటీనా తలంలో పాకకుండా కంటి మధ్యనున్న జిగురు పదార్థంలోకి పొడుచుకొస్తాయి. అవి బలహీనమైనవి, కారుతాయి, చిట్లుతాయి, మచ్చకట్టి కుంచించుకుపోతూ రెటీనాను గోడనుంచి ఊడదీస్తాయి. టెర్రీ చూసిన తెల్లపొర అలా ఊడి ముడతపడి లెన్స్ వెనుక చేరిన రెటీనాయే.

1953 జులైలో అమెరికాలోని 18 ఆసుపత్రులు కలిసి పెద్ద ప్రయోగం చేపట్టాయి. 786 మంది శిశువులు, అందరూ 1500 గ్రాములు లేదా అంతకన్నా తక్కువ బరువున్నవారు. ఎవరికి ఎక్కువ ఆక్సిజన్, ఎవరికి తక్కువ అన్నది వైద్యుల ఇష్టానికి వదలకుండా యాదృచ్ఛికంగా నిర్ణయించారు. 1954 సెప్టెంబరులో ఫలితం ప్రకటించారు. ఎక్కువ ఆక్సిజన్ వర్గంలో 23 శాతానికి కంట్లో మచ్చ మిగిలింది, తక్కువ వర్గంలో 7 శాతానికి. మరణాల్లో తేడా లేదన్నారు. వార్త దేశమంతా పాకింది. ఇంక్యుబేటర్లలో ఆక్సిజన్ 40 శాతం దాటకూడదన్న నియమం అమల్లోకి వచ్చింది. జబ్బు చూస్తుండగానే తగ్గిపోయింది. పాట్జ్‌కు 1956లో లాస్కర్ పురస్కారం లభించింది.

చరిత్ర ఇక్కడితో ముగిస్తే బాగుండేది. కానీ ఆ ప్రయోగంలో ఒక లొసుగు ఉంది. పుట్టిన 48 గంటల తర్వాత బతికి ఉన్న శిశువులనే అందులో చేర్చుకున్నారు. ఊపిరితిత్తులు సరిగా తెరుచుకోక శిశువులు ఎక్కువగా చనిపోయేది ఆ మొదటి రెండు రోజుల్లోనే. ఆ రెండు రోజుల్లో ఆక్సిజన్ తగ్గిస్తే ఏమవుతుందో ప్రయోగం చెప్పలేదు. ఎవరూ అడగలేదు. నియమం మాత్రం మొదటి గంట నుంచే అమలైంది. 1960లో మేరీ ఎల్లెన్ ఏవరీ, ఎల్లా ఒపెన్‌హైమర్ శ్వాస ఇబ్బందితో చనిపోతున్న శిశువుల సంఖ్య పెరిగిందని హెచ్చరించారు. 1973లో కె.డబ్ల్యు. క్రాస్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు మరణాల పట్టికలు పరిశీలించి, కాపాడిన ఒక్కొక్క శిశువు చూపుకు దాదాపు 16 మంది శిశువుల ప్రాణాలు మూల్యంగా చెల్లించామని అంచనా వేశాడు. అది అంచనాయే, కచ్చితమైన లెక్క కాదు. అందులో సగం నిజమైనా భయంకరమే. గుడ్డితనం కళ్ళకు కనిపిస్తుంది, దానికి బడులు, పింఛన్లు, కోర్టు దావాలు ఉంటాయి. మొదటిరోజే చనిపోయిన నెలతక్కువ బిడ్డ సంగతి సహజమే అనుకుని అంతా మరిచిపోతారు. సిల్వర్‌మన్ 1980లో ఈ మొత్తం ఉదంతాన్ని ఒక పుస్తకంగా రాశాడు.

అప్పటికి అర్థమైన సంగతి ఏమిటంటే, పెట్టెలోని గాలిలో ఆక్సిజన్ ఎంత ఉందన్నది కొలవడం చాలదు, శిశువు రక్తంలో ఎంత ఉందో కొలవాలి. జపాన్‌లో తకువో అయోయగి 1974లో రూపొందించిన సూత్రం దీనికి గొప్ప సాయం చేసింది. వేలిని లేదా పాదాన్ని ఒక క్లిప్పుతో పట్టుకుని, వెలుతురు పంపి, నాడి కొట్టుకున్నప్పుడల్లా రక్తం రంగును చదివే పల్స్ ఆక్సీమీటర్ దాని ఫలితమే. కోవిడ్ రోజుల్లో మనలో చాలామంది ఇళ్ళలోకి వచ్చిన పరికరం అది.

కొలవడం తెలిశాక ఎంత ఉండాలన్న ప్రశ్న మిగిలింది. దీనికోసం అమెరికాలో 24 నుంచి 27 వారాలకే పుట్టిన 1316 మంది శిశువులతో జరిగిన ప్రయోగం ఫలితం 2010లో వెలువడింది. రక్తంలో ఆక్సిజన్ 85-89 శాతం మధ్య ఉంచిన వర్గంలో తీవ్రమైన కంటివ్యాధి 8.6 శాతం, 91-95 మధ్య ఉంచిన వర్గంలో 17.9 శాతం. మరణాలు మొదటి వర్గంలో 19.9 శాతం, రెండో వర్గంలో 16.2 శాతం. అర్ధశతాబ్దం తర్వాత కూడా అదే తక్కెడ, అవే రెండు పళ్ళేలు. ఇటువంటి ఫలితాల తర్వాత చాలాచోట్ల వైద్యులు ప్రాణం వైపే మొగ్గారు. అంటే కొంత కంటివ్యాధి తప్పదని ఒప్పుకున్నట్టే. అందుకనే సకాలంలో దాన్ని పట్టుకోవడం, చికిత్స చేయడం మరీ ముఖ్యమయ్యాయి.

పట్టుకోవడం ఎలా? తెల్లపాప కనిపించేదాకా ఆగితే అప్పటికే రెటీనా ఊడిపోయి ఉంటుంది. వ్యాధి మొదలయ్యేది కంటిగుడ్డు అంచుల్లో. అక్కడిదాకా చూడగల పరికరం 1940ల మధ్యలో ఛార్లెస్ షెపెన్స్ చేతిలో రూపుదిద్దుకుంది. అది తలకు దీపం కట్టుకుని, చేతిలో భూతద్దం పట్టుకుని రెండు కళ్ళతో చూసే ఇన్‌డైరెక్ట్ ఆఫ్తాల్మోస్కోపు. 1984లో వివిధ దేశాల నిపుణులు ఒకే భాషలో మాట్లాడుకోవడానికి ఒక వర్గీకరణ తయారుచేశారు. పాత పేరు వదిలి 'రెటినోపతి ఆఫ్ ప్రీమెచ్యూరిటీ', క్లుప్తంగా ఆర్.ఓ.పి. అనే పేరును వాడుకలోకి తెచ్చారు. మనం నెలతక్కువ శిశువుల రెటీనా వ్యాధి అనవచ్చు. దృక్ నాడి చుట్టూ మూడు మండలాలు గీశారు. నాళాలు మధ్య మండలంలోనే ఆగిపోతే ప్రమాదం ఎక్కువ. తీవ్రతను ఇప్పుడు అయిదు దశలుగా చెబుతారు. నాళాలున్న చోటికీ లేని చోటికీ మధ్య సన్నని గీత మొదటి దశ, ఆ గీత గట్టులా ఉబ్బితే రెండోది, గట్టు మీంచి కొత్త నాళాలు లేస్తే మూడోది, రెటీనా కొంత ఊడితే నాలుగోది, అంతా ఊడితే అయిదోది. వీటితోపాటు కంటి వెనుక భాగంలోని నాళాలు ఉబ్బి పాములా మెలికలు తిరిగితే వ్యాధి ఉరకలేస్తోందని గుర్తు.

చికిత్స తర్కం విన్నవారికి మొదట వింతగా ఉంటుంది. కొత్త నాళాలను కాల్చరు. వాటిని పిలుస్తున్న ప్రాంతాన్ని, అంటే నాళాలు లేని అంచు రెటీనాను కాలుస్తారు. ఆకలితో ఏడ్చేవారు లేకపోతే కేక ఆగుతుంది. జపాన్‌లో నగాటా 1960ల చివర్లో తీవ్రమైన వెలుతురుతో ఈ పని చేసి చూపాడు. అమెరికాలో 1986లో మొదలైన పెద్ద ప్రయోగంలో అతిశీతల పరికరంతో ఆ ప్రాంతాన్ని గడ్డకట్టించారు. చెడు ఫలితాలు దాదాపు సగానికి తగ్గాయని 1988లో ప్రకటించారు. 1990ల్లో లేజరు వచ్చింది. తలకు కట్టుకున్న పరికరం నుంచే కిరణాలు పంపవచ్చు, శిశువుకు వాపు, నొప్పి తక్కువ. 2003లో వెలువడిన మరో ప్రయోగం ఇంకాస్త ముందే, వ్యాధి ముదరకముందే లేజరు చేస్తే ఫలితం మెరుగని తేల్చింది. అప్పటినుంచి ప్రమాదస్థాయి గుర్తించిన 48 నుంచి 72 గంటల్లో చికిత్స జరగాలన్నది నియమం. కాల్చిన అంచుల మేరకు పక్కచూపు కొంత పోతుంది, దగ్గరివే కనిపించే హ్రస్వదృష్టి తరచుగా వస్తుంది. మధ్యచూపు కోసం చెల్లించే ధర అది.

ఆ కేక ఏమిటో కూడా తెలిసింది. 1948లోనే మైకెల్సన్ అనే వైద్యుడు, ఆకలిగొన్న రెటీనా ఏదో రసాయనాన్ని వదులుతూ ఉండాలని ఊహించాడు. 1989లో కాలిఫోర్నియాలో నెపోలియన్ ఫెరారా బృందం వేరుచేసిన వి.ఇ.జి.ఎఫ్. అనే ప్రొటీన్ అందుకు సరిపోయింది. ఆక్సిజన్ తగ్గితే కణాలు దీన్ని ఎక్కువగా తయారుచేస్తాయి, ఎక్కువైతే ఆపేస్తాయి. ఆష్టన్ పిల్లికూనల్లో చూసిన రెండు అంకాలకూ ఇదే సూత్రధారి. దీన్ని అడ్డుకునే బెవాసిజుమాబ్ అనే క్యాన్సరు మందును కంటిలోకి ఇంజెక్షనుగా ఇస్తే, మధ్య మండలంలో వ్యాధి ఉన్న శిశువులకు లేజరుకన్నా మేలు చేసిందని 2011లో ఒక ప్రయోగం చూపింది. తర్వాత ఇదే కోవకు చెందిన మరికొన్ని మందులు వచ్చాయి. అయితే ఇంజెక్షను కేకను కొంతకాలం అణచిపెడుతుందంతే. నెలలు గడిచాక వ్యాధి తిరగబెట్టవచ్చు. మందులో కొంత రక్తంలోకి చేరుతుంది. పెరుగుతున్న శిశువు మెదడుకూ, ఊపిరితిత్తులకూ ఈ ప్రొటీన్ అవసరమే కాబట్టి దీర్ఘకాలిక పరిశీలన ఇంకా సాగుతోంది.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. 1950ల నాటి మొదటి ఉప్పెన ధనిక దేశాలది. మరీ చిన్న శిశువులను కూడా బతికించడం నేర్చుకున్నాక 1970ల్లో వచ్చిన రెండోదీ వారిదే. 1997లో లండన్‌కు చెందిన క్లేర్ గిల్బర్ట్ మూడో ఉప్పెనను గుర్తించింది. అది శిశు సంరక్షణ యూనిట్లు కొత్తగా పెరుగుతున్న మధ్యాదాయ దేశాలది. సిలిండరు కొనడం తేలిక. ఆక్సిజన్‌ను గాలితో కలిపి పాలు తగ్గించే బ్లెండరు, కొలిచే మీటరు, ఆ మీటరును రాత్రంతా గమనించే నర్సు, కళ్ళు చూసే వైద్యుడు సిలిండరుతోపాటు రారు. మన ఊళ్ళలో 'బిడ్డని బాక్సులో పెట్టారు' అని చెప్పుకునే మాటలో ఇవేవీ ఉండవు. 2020లో భారతదేశంలో దాదాపు 30 లక్షల మంది శిశువులు నెలలు నిండకుండా పుట్టారని అంతర్జాతీయ సంస్థల అంచనా. ప్రపంచంలో ఏ దేశానికీ ఇంత సంఖ్య లేదు.

ఇంకో సూక్ష్మం ఉంది. అమెరికా నియమం ప్రకారం 1500 గ్రాముల లోపు, లేదా 30 వారాల లోపు పుట్టినవారిని పరీక్షిస్తే చాలు. మన దగ్గర అంతకన్నా పెద్ద శిశువులకు, 1700, 1800 గ్రాముల వారికి కూడా తీవ్రవ్యాధి వస్తోంది. వారి నియమాన్ని యథాతథంగా దించుకుంటే ఈ పిల్లలంతా జారిపోతారు. అందుకే మన మార్గదర్శకాలు 2000 గ్రాముల లోపు, లేదా 34 వారాల లోపు పుట్టిన ప్రతి శిశువునూ పరీక్షించాలంటాయి. 34 నుంచి 36 వారాల వారికి కూడా ఇతర ఇబ్బందులుంటే చూడాలి. మొదటి పరీక్ష పుట్టిన నాలుగు వారాలకు, అంటే 30 రోజులు నిండేలోగా. మరీ చిన్నవారికి రెండు, మూడు వారాలకే.

ఈ విషయంలో మన తెలుగు ప్రాంతం తొలి వరుసలో నిలిచింది. 1990ల చివర్లో హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర సంస్థలో సుభద్రా జలాలి నాయకత్వాన జంట నగరాల కార్యక్రమం మొదలైంది. శిశువులను కంటి ఆసుపత్రికి తెమ్మనకుండా, వైద్యులే హైదరాబాదు, సికింద్రాబాదుల్లోని శిశు సంరక్షణ కేంద్రాలకు వెళ్ళి పరీక్షించారు. 2008లో బెంగళూరులోని నారాయణ నేత్రాలయలో ఆనంద్ వినేకర్ మరో అడుగు వేశారు. శిక్షణ పొందిన సాంకేతిక సిబ్బంది ప్రత్యేక కెమెరాతో కర్ణాటక జిల్లాలకు వెళ్ళి శిశువుల రెటీనా చిత్రాలు తీస్తే, బెంగళూరులోని వైద్యులు వాటిని చూసి నిర్ణయం చెబుతారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఈ వ్యాధిని తన జాబితాలో చేర్చుకుంది.

పరీక్ష సంగతి చెప్పకపోతే ఏమవుతుందో 2015లో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన ఒక కేసు చూపింది. 1996లో చెన్నైలో 29 వారాలకు, 1250 గ్రాముల బరువుతో ఒక పాప పుట్టింది. చాలా రోజులు ఇంక్యుబేటరులో ఉంది. కళ్ళు చూపించమని ఇంటికి పంపేటప్పుడు గానీ తర్వాత గానీ తల్లిదండ్రులకు ఎవరూ చెప్పలేదు. నెలల తర్వాత తెలిసేసరికి రెండు కళ్ళూ పోయాయి. పందొమ్మిదేళ్ళ తర్వాత న్యాయస్థానం సుమారు 1.8 కోట్ల రూపాయల పరిహారం ఇవ్వమంది.

పరీక్ష జరిగే తీరు తెలిస్తే తల్లులకు భయం తగ్గుతుంది. గంటముందునుంచి కంటిపాప పెద్దదవడానికి చుక్కలు వేస్తారు. వాంతి కాకుండా అప్పటిదాకా పాలు పట్టరు. బిడ్డను మెత్తటి గుడ్డలో చుట్టి, నొప్పి తెలియకుండా మరో మందు వేసి, రెప్పలు మూసుకోకుండా చిన్న తీగ పరికరం అమరుస్తారు. వైద్యుడు తలదీపంతో వంగి ఒక్కొక్క కన్నూ అంచుల దాకా చూస్తాడు. బిడ్డ ఏడుస్తుంది, నర్సు నాలుకమీద చక్కెరనీళ్ళ చుక్క వేస్తుంది. రెండు కళ్ళకూ కలిపి కొద్ది నిమిషాలే. నాళాలు అంచుదాకా చేరితే పని అయిపోయినట్టే. చేరకపోతే వారానికో, రెండు వారాలకో మళ్ళీ రమ్మని డిశ్చార్జి కాగితం మీద తేదీ వేసి, బిడ్డను తల్లి చేతికిస్తారు.